లోడూ లారీ ఒక్కటే

సాస్తి గని గేటు కాడ కాటా నాది.
ఇరవై రెండేండ్ల సంది
నిండు లారీని తూస్త, ఖాళీ లారీని తూస్త,
తీసేస్తే మిగిలింది చీటీ మీద రాస్త.
రాజురా తొవ్వల ఏ డ్రైవర్ని అడిగినా చెప్తడు,
సమ్మన్న కాటా బొగ్గుపొడిని గూడ ఇడువదని.

అసొంటి నేను
ఇంట్ల అద్దాల తొట్టి ముంగట ఓడిపోయిన.

నాగపూర్ల కొన్ననాడు బిస్కెట్టంత ఉండె.
చెవికాడ ఎర్రగీత,
ఎవరో కుంకుమ పెట్టబోయి చెయ్యి జారినట్టు.
బటన్ అని పేరు పెట్టింది మా స్వరాలి.
పెరిగే పానం, రోజూ పెట్టాలన్నరు, పెట్టినం:
వానపాము ముక్కలు, దుకాణపు మేతగోళీలు,
మొదటి వానకు లైటు కింద రాలిన ఉసిళ్ళు.
అది మింగిన ప్రతి ముక్కా
మా కడుపులనే పడ్డట్టుండె.

మూడేండ్లకు బటన్ పళ్ళెమంత అయింది.
మేత మాత్రం పసిదాని మేతనే.
నా తాళాలగుత్తి సప్పుడైతే చాలు
నీళ్ళు చీల్చుకుంట వచ్చి అద్దానికి ముక్కు ఆనిస్తది.
పొద్దుగాల నేను పెడ్తి.
మధ్యాన్నం ఈశ్వరి, నేను పెట్టింది తెల్వనట్టు.
బడి నుంచొచ్చి స్వరాలి.
చీటీ రాసినోళ్ళు లేరు.

తొడల కాడి తోలు
గిన్నె దాటి పొంగిన పిండి లెక్క డిప్ప బయటికి ఉబ్బింది.
డిప్ప మీది పలకలు ఒక్కొక్కటి
గని పక్క మట్టిదిబ్బల తీరు లేచినయ్.

చంద్రపూర్ల డాక్టర్ వైరాగడే
దాన్ని తిరగేసి చూసి, బరువెంతని అడిగిండు.
నాకు నోట మాట రాలె.
ఏం చెప్పాలె, ఈ బండికి టేర్ లేదు.
డిప్ప ఇడిచి దిగదు, ఖాళీగ కాటా మీద నిలవడదు,
లోడూ లారీ ఒక్కటే.

"ఆకలైతేనే అడుగుతది గద సార్" అన్న.
ఆయన నవ్వలె.
"భూక్ నాహీ, సవయ్ ఆహే."
ఆకలి గాదట, అలవాటట.
ఎదిగినంక మాంసం తగ్గాలె, ఆకు పెరగాలె.
గోళీలు దినం తప్పి దినం.
కొలత దాని తలకాయే.
మెడ లేకుంట, తలకాయ ఒక్కటి
బోలుగ ఉంటే ఎన్ని పడతయో అన్ని.
అరవై టన్నుల ఇనుప పలక మీద బతికెటోన్ని,
బొటనవేలు కొసంత కొలత ముంగట
చేతులు కట్టుకొని నిలబడ్డ.

తోటకూర వేస్తే చూడలె.
గుమ్మడి తురుము వేస్తే మూతి తిప్పింది.
ఎనిమిది దినాలు ఆకు తేలింది,
తీసి పారేసినం, మళ్ళ వేసినం.
సంకష్టి చతుర్థి నాడు ఉపాసమున్న ఈశ్వరి
"ఇయ్యాల నీకూ నాకూ చంద్రుడు పొడిచినంకనే" అని
దానితోని పంచాదికి దిగింది.
ఆ రాత్రి వంటింట్ల ఎండురొయ్యల డబ్బా మూత తీసుండె.
ఎవరని నేను అడగలె.
వాసన నా చేతులకే ఉండె.

తొమ్మిదో దినం,
వార్ధా ఒడ్డు నుంచి తెచ్చిన గుర్రపుడెక్క ఆకు అంచున
అర్ధచంద్రమంత కోత.
స్వరాలి ఆ ఆకును బడికి పట్టుకపోయింది.

ఆయుర్వేదం దుకాణంల సముద్రపు నురుగు అడిగితే
"ఎవరికి చెవిపోటు?" అన్నడు కోమటాయన.
తొట్టిల తేలే ఆ తెల్లముక్కను
ఇప్పుడు రాత్రిళ్ళు కొరుకుతది.
మా ఇంట్ల అదొక్కటే సప్పుడు.
లేచిన గుట్టలు దిగవు, డాక్టరు ముందే చెప్పిండు.
కొత్తగ పెరిగేదే సాపుగ వస్తదట.

మొన్న ఐతారం నీళ్ళు మారుస్తుంటే
అడుగున దొరికింది,
రాలిన పలక పొర. ఉల్లిపొట్టంత పలుచన.
ఎత్తి పడితే అవతల ఈశ్వరి కనవడ్డది.
వంటింటి కాటా మీద పెట్టిన.
సున్నా చూపింది.
చీటీ పుస్తకం తీసి తారీకు వేసిన,
బండి పేరు బటన్,
నెట్ కాడ సున్నా చుట్టి సంతకం పెట్టిన.

ఎనుక అద్దం మీద టక్కున ముక్కు.
ఇయ్యాల మేత దినం గాదు బిడ్డా.