మూడో గేరు

కిలో ముప్పై రెండు రూపాయల లెక్కన
కాటా మీద తూగింది చిన్న ట్రాక్టరు.
టైర్లు ఊడదీసి తూచమన్నా.
పాత ఇనుప కొట్టు మొగిలయ్య నవ్వినాడు గానీ
ఊడదీయలా.

మామిడి చెట్ల సందుల్లో దూరేదానికి పుట్టిన బండి,
తోతాపురి కొమ్మ కింద తల వంచుకుని పోయే రకం.
బానెట్టు నిండా చింతపిక్క రంగు తుప్పు.
గోకితే కింద ఆకుపచ్చ,
ఇంకా గోకితే నీలం.
ఎంతమంది చేతులు మారిందో
ఎవురూ కాయితం మీద పెట్టలా,
రంగే పెట్టినారు.

గుడిపాల దాటినాక రోడ్డు పక్కన నా రేకుల షెడ్డు.
ఇటు తిరిగి పిలిస్తే తెలుగులో పలుకుతారు,
అటు తిరిగి పిలిస్తే అరవంలో.
ఇంజను మాత్రం ఏ భాషలోనూ పలకలా.
బిగుసుకుపోయింది.
సుత్తి ఎత్తిన ఇలియాజ్ చెయ్యి పట్టుకున్నా.
"కొట్టొద్దురా. నానబెడదాం."
కిరసనాయిలు సగం, ఆముదం సగం
సిలిండర్లో పోసి, గుడ్డ కుక్కి
పదకొండు రోజులు దాని జోలికి పోలా.
ఇడ్లీకి పప్పు నానేసే ఆడోళ్ళకుండే ఓర్పు
మా మెకానిక్కుల్లో సగం మందికి లేదు.

పన్నెండో పొద్దున ఫ్లైవీలుకు తాడు చుట్టి
ఒక్క గుంజు.
కదిలింది, వెంట్రుకవాసి.
ఆ వెంట్రుకవాసికే ఇలియాజ్ ఈలేసినాడు.

రింగుల కోసం చిత్తూరంతా తిరిగినా.
చివరికి రాణీపేటలో, ఎవరిదో నీళ్ళమోటారువి,
ఇంత అరగదీసి కూర్చినాం.
పక్క మూతకు గ్యాస్కెట్టు యాడా దొరకలా.
దళసరి పెళ్ళిపత్రిక ఒకటి కత్తిరించి పెట్టినాం.
ముహూర్తం బయట మిగిలింది,
పెళ్ళికూతురి పేరు సగం ఇంజన్లోకి పోయింది.

గేరుపెట్టె విప్పిన రోజు
లోపల గ్రీజు మునగచెట్టు బంకలా గట్టిపడి ఉంది.
పెట్రోలు గుడ్డతో తుడుస్తా ఉంటే
మూత లోపలి వైపు గీతలు.
పగులనుకుని గుండె జారింది.
వేలితో తడిమితే అక్షరాలు.
అరవం.
నాకు మాట్లాడను వచ్చు, చదవను రాదు.

మూత చంకలో పెట్టుకుని టీకొట్టు కాడికి పోయినా.
పూంగొడక్క పాలు దించి,
కండ్లద్దాలు కొంగుతో తుడుచుకుని,
మూతను ఎండకు వంచి కూడబలుక్కుంది:
"మూడో గేరు అలుగుతుంది.
క్లచ్చి రెండుసార్లు తొక్కి బతిమాలు.
కుప్పన్. డెబ్బై ఎనిమిది, ఆడి నెల."
"ఎవురికి రాసినాడబ్బా?" అనింది.

తోలేవాడికి కనబడని చోటు అది.
కొనేవాడు, అమ్మేవాడు, తూచేవాడు
ఒక్కరూ చూడరు.
విప్పేవాడు ఒకడే చూస్తాడు.
నలభై ఏండ్ల పైన
ఆ ముక్క నూనెలో మునిగి
నా కోసరం కాచుకోనుంది.
అక్కకు ఏమీ చెప్పలా. టీ చల్లారిపోయింది.

అయినా నాకు పొగరు.
రేణిగుంట దాకా పోయి
వేరే పళ్ళచక్రం తెచ్చి వేసినా.
తోటలోకి తోలి, రెండు నుంచి మూడుకు లాగితే
కర్ర్ మని అరిచి వెనక్కి తన్నింది.
అలక పండ్లలో లేదు మరి, యాడుందో.
సరే స్వామీ కుప్పన్, అనుకుని
రెండుసార్లు తొక్కినా.
వెన్నలో వేలు దిగినట్టు
దిగింది.

మళ్ళీ షెడ్డుకు తెచ్చి
ఎనిమిది బోల్టులు మళ్ళీ విప్పినా, ఆ ఒక్క పనికి.
గీతలు గీసే సూది నూరుకుని
ఆయన రాత కింద తెలుగులో గీకినా:
"చక్రం మార్చినా అలక పోలా. ఆయన చెప్పినట్టే చెయ్యి.
ఎడమ సీలు కారుతుంది, నాకు చాతకాలా."
నా పేరు గీకినాక
"నాదో?" అన్నాడు ఇలియాజ్.
సూది వాడి చేతికిచ్చినా.
వాడిది ఎడంచేతి వాటం,
పేరు ఏటవాలుగా పోయి అంచుకు తగిలింది.
కింద ఇంకా జానెడు చోటుంది.

ఇప్పుడు శనివారం శనివారం దానికి నూనె,
గాలి ఫిల్టరు దులపడం, బెల్టు నొక్కి చూడడం.
రాత్రి షెడ్డు మూసేముందు
ఎడమ పక్కన పాలపొడి డబ్బా పెడతా.
తెల్లారేసరికి గరిటెడు చేరుతుంది.
గుడ్డలో వడగట్టి
మళ్ళీ దాని నోట్లోనే పోస్తా.