మోగించి చూడు

కుండ కొనేవాడెవడైనా ముందు వేలితో కొట్టి చూస్తాడు.
కంగుమంటే తీసుకుంటాడు. బొద్దుమంటే పక్కన పెడతాడు.
గాంగ్‌గ్యోంగ్ రేవులో, ఉప్పుచేపల బుట్టల మధ్య,
ప్యో గుణ్‌చల్ తండ్రి జాడీలు అమ్మేవాడు.
ఏడేళ్ళ కొడుకు కళ్ళకి గుడ్డ కట్టి
వరుసలోకి తోసేవాడు:
"ఇందులో ఏది అబద్ధమాడుతోందో చెప్పు."

ఆ వేలే తరవాత
నలభై ఏళ్ళు, వెస్ట్ వర్జీనియా బొగ్గులోయలో,
మనుషుల వీపుల మీద పనిచేసింది.

అరవై ఏడు నవంబరులో బస్సు దిగాడు.
ఇంకెవరూ రామన్న ఆసుపత్రి అది.
పెట్టెలో మిరపముద్ద సీసా పగిలి
రెండు చొక్కాలూ ఒక వైద్యగ్రంథమూ ఎర్రబడ్డాయి.
చొక్కాలు పారేశాడు.
కాలేయం అధ్యాయం మాత్రం ఏళ్ళతరబడి
తెరిచినప్పుడల్లా తుమ్ము తెప్పించేది.

ప్యో అనడానికి నోరు తిరగక "డాక్టర్ పో" అన్నారు.
మన భాషలో ఆ మాట మనిషిని పంపించేస్తుంది.
అక్కడ అర్ధరాత్రి తలుపు తట్టి
రమ్మని పిలవడానికి వాడారు.

అందరూ కాదు. ఓడెల్ స్కాగ్స్ చొక్కా విప్పనన్నాడు.
"మా తమ్ముడు మీ దేశంలో ఒక కొండ మీద పోయాడు."
"ఏ కొండ?"
చెప్పాడు.
"మా అన్న కూడా అక్కడే," అన్నాడు డాక్టరు.
"ఏ వైపు నిలబడి పోయాడో మాకింకా తెలీదు."
కాసేపు గోడ గడియారం ఒక్కటే మాట్లాడింది.
ఓడెల్ పై గుండీ దగ్గర మొదలుపెట్టాడు.

కుడివైపు అడుగున, బొద్దు.
ముప్పై ఏళ్ళ బొగ్గుదుమ్ము
ఇంత చిన్న మాటలో ఉంది.

కోర్టులో కంపెనీ లాయరు లేచి,
"ఈయన ఇంగ్లీషు అర్థం కావడం లేదండీ" అన్నాడు.
"ఓడెల్ దగ్గు అర్థమైందా?"
పరిహారం వచ్చేసరికి ఓడెల్ లేడు.
ఆయన భార్య ఒక పుచ్చకాయ మోసుకొచ్చి బల్లమీద పెట్టింది.
డాక్టరు చెయ్యి అలవాటుకొద్దీ దాన్ని కొట్టి చూడబోయి
సగంలో ఆగి, జేబులోకి వెళ్ళిపోయింది.

"యంత్రం ఎటూ వస్తుంది. ముందు వేలు రానీ."
జూనియర్లకి ఆయన నేర్పిన పాఠం అంతే, ఏడాదంతా.
కాలేయం అంచు ఎక్కడుందో
రోగి పొట్టమీద పెన్సిలుతో గీయాలి.
తప్పు గీస్తే తిట్టడు. మంచం వైపు వంగి
రోగినే అడుగుతాడు:
"ఈ అమ్మాయి ఇంకోసారి ప్రయత్నించవచ్చా, మీకు అభ్యంతరం లేకపోతే?"
ఆ అమ్మాయి మళ్ళీ తప్పు గీయదు.

ఇంట్లో లెక్క వేరు.
నవంబరు వచ్చిందంటే స్నానాలతొట్టి నిండా
యంగ్‌నాన్ ఉప్పులో నానేసిన క్యాబేజీలు.
పిల్లలు ముగ్గురికీ రెండురోజులు స్నానం లేదు, పండగే.
కొడుకు ట్రంపెట్ కచేరీ మూడుసార్లు ఎగ్గొట్టాడు.
నాలుగోసారి వెళ్ళి ముందువరసలో నిద్రపోయాడు.
"శ్రుతి తప్పితే లేచేవాడే," అని
కొడుకు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.
కూతురు చెప్పుకోదు. ఆమె పుట్టినరోజుల ఫోటోల్లో
నాన్న కుర్చీ మీద కోటు ఉంటుంది.

డెబ్బై ఎనిమిదో ఏట చెవులు పోయాయి.
మిషను పెట్టుకోనన్నాడు, గీ పెడుతుందని.
ఆ శరత్కాలం యంగ్‌నాన్ మూడుగంటలు కారులో వెళ్ళి
కొరియా దుకాణం నుంచి ఒక జాడీ తెచ్చింది.
ఆయన చుట్టూ తిరిగాడు. వేలు వంచి కొట్టాడు.
ఇంకోసారి. చెంప ఆనించి ఇంకోసారి.
భార్య వైపు చూశాడు: "ఎలా ఉంది?"
ఆమె ఆయన మొహం చూసింది, జాడీని కాదు.
"కంగుమంది," అంది.

తెల్లారేసరికి వంటింటి నేలంతా సోయా మడుగు.
ఆమె లేవకముందే
మోకాళ్ళమీద కూచుని మొత్తం తుడిచేశాడు.
జాడీని పెరట్లోకి దొర్లించుకెళ్ళి, మట్టి నింపి
ఉల్లికాడలు నాటాడు.
అడగబోతే, ఆమె నోరు తెరవకముందే అన్నాడు:
"నీళ్ళు నిలవని జాడీ కోసమే చూస్తున్నా,
ఎన్నాళ్ళనుంచో."