రెండు వివాదంలో

వేసవి సెలవులకి గాజువాక నుంచి లోహిత వచ్చిన మూడోనాడు
అటక మీంచి నా పాత లెక్కపుస్తకం దింపాను.
బొద్దింకలు తినగా మిగిలిన అట్ట,
లోపల సగానికి సగం తెల్ల కాగితాలు.
పోర్టులో ముప్పయ్యొక్క ఏళ్లు
బస్తాలు లెక్కపెట్టి బతికినవాణ్ణి,
మనవరాలికి ఇవ్వడానికి నా దగ్గర
కథలు తక్కువ, అంకెలు ఎక్కువ.

అయిదున్నరకే కోస్టల్ బ్యాటరీ గట్టు మీదున్నాం.
డాల్ఫిన్ కొండ ఇంకా
దుప్పట్లోంచి ముక్కు మాత్రమే బయటపెట్టింది.
ఫిషింగ్ హార్బరు గాలి తగలగానే
గుంట తన ముక్కు మూసుకుంది.
"అలవాటైపోద్దిలే" అన్నాను.
నాకు అలవాటవడానికి రెండేళ్లు పట్టిందని చెప్పలేదు.

ముందు గీతలు నేర్పాను.
నాలుగు నిలువుగా, అయిదోది అడ్డంగా.
"ఇదేటి తాతా, దడా?"
దడి కాదే, నలుగురు ఖలాసీలు నిలబడి మోస్తుంటే
అయిదోవాడు వాళ్లమీద ఒరిగి కునుకు తీస్తున్నాడు.
మా ఎర్రన్న గ్యాంగులో రోజూ జరిగేదే.
ఆ పూట నుంచీ ప్రతి అడ్డగీతకీ
ఒక పేరు పెట్టడం మొదలెట్టింది.

తర్వాత ఓడలు.
ఎర్ర పొట్ట కనిపిస్తే ఖాళీది, సరుకు కోసం వచ్చింది;
నడుం దాకా నీళ్లలో దిగితే నిండుది.
"భోంచేశాక అమ్మమ్మ నులకమంచం మీద కూర్చున్నట్టా?"
ఆ మాట నూకరత్నం చెవిన పడకూడదని
ఇద్దరం ఒట్టేసుకున్నాం.
లంగరేసిన ఓడలన్నీ ఒకే వైపు
ఎందుకు చూస్తున్నాయని అడిగింది.
జవాబు చెప్పకుండా చేతిరుమాలు ఇచ్చాను.
గాల్లో పట్టుకుని, అది ఎటు ఎగిరిందో చూసి,
ఓడల్ని చూసి, మళ్లీ రుమాలు చూసి
తనే నవ్వింది.
ఆ నవ్వుకి ముందున్న అరనిమిషం కోసమే
నేను జవాబు దాచుకున్నది.

అప్పుడు తన వంతు.
ఫోను తీసింది. నీలం మీద చిన్నచిన్న త్రికోణాలు,
ఒక్కోదానికీ పేరు, జెండా, బయల్దేరిన ఊరు.
"రెండు వేళ్లూ ఇలా విప్పు తాతా, సముద్రం పెద్దదవుద్ది."
నా వేళ్లకి పెన్సిలు బిగువు తప్ప తెలీదు,
మొదటిసారి సముద్రం జారి గోపాల్‌పూర్ దాటిపోయింది.
మూడోసారికి మన రేవు దగ్గర నిలబెట్టాను.
"పర్లేదు, నేర్చుకుంటున్నావ్" అంది,
అచ్చం మా పాత సూపరింటెండెంటు గొంతుతో.

లెక్క మొదలయ్యే ముందు రేవు పద్ధతి చెప్పాను:
ఓడ వైపు ఒక గుమస్తా, గట్టు వైపు ఒక గుమస్తా,
ఎవరి గీతలు వాళ్లవి,
చివర్న రెండూ కలిస్తేనే సంతకం.
తను ఓడ వైపు. నేను గట్టు వైపు.

నావి పదకొండు.
తనవి పదమూడు.
ఫోనూ పదమూడే అంది.

మళ్లీ లెక్కపెట్టాను. కళ్లజోడు తుడిచి మళ్లీ.
దక్షిణాన, ఆకాశమూ నీళ్లూ కలిసే చోట
నాకు విరిగిన పాలలాంటి వెలుతురు తప్ప ఏమీ లేదు.
తను నా మొహం చూసింది, సముద్రం చూసింది.
"మంచు తాతా" అంది.
మే నెలలో.

నేనేమీ అనలేదు.
ఈలోగా గట్టుకి దగ్గరగా ఒక తెప్ప,
ఒంటి మనిషి, అలకి లేచి అలకి మాయమవుతూ.
ఫోన్లో దానికి త్రికోణం లేదు, పేరు లేదు, జెండా లేదు.
"లెక్కలోకి వస్తాదా తాతా?"
నీకు కనబడిందా?
"ఊఁ."
నాకూ కనబడింది. మరింకేం, గియ్యి.

గీసింది. అన్నిట్లోకీ లావుగా ఆ గీతే.

లెక్కలు కలవకపోతే ఏం చేస్తారని అడిగింది.
కొట్టుకోం, దిద్దుకోం.
"రెండు వివాదంలో" అని రాసి
ఇద్దరం సంతకం పెడతాం, తేలేదాకా.
వంకర అక్షరాలతో రాసింది.
సున్నా మరిచిపోయి
తర్వాత సందులో ఇరికించింది.

ఇంటికెళ్లి అమ్మమ్మకి ఏమీ చెప్పలేదు.
ఇడ్లీ తింటూ ఊరికే అడిగింది,
కళ్లాసుపత్రికి ఎన్నో నెంబరు బస్సు వెళ్తుందని.
నూకరత్నం నా వైపు చూసింది.
నేను చట్నీ వైపు.

పుస్తకం ఇంకా తెరిచే ఉంది, గుమ్మం పక్క బల్ల మీద,
గాలికి పేజీ తిరక్కుండా ఒక గవ్వ బరువు పెట్టుకుని.
సోమవారం పొద్దున్న
గుమస్తాలిద్దరూ కలిసి బస్సెక్కుతారు.