బుబింగా

ముషీరాబాద్ టింబర్ డిపోలో
ఏ ఓడ దిగిందో ఏమో, టేకు దొంతర కింద
ధర చెప్పేవాడు లేక పడుంది ఎర్ర దుంగ.

"బ్లేళ్లు తింటది సార్ ఇది," అన్నాడు ఫసీహ్ భాయ్.
మూడు తింది.
ఇరవై పట్టీలు అతికి, లేత్ మీద గుండ్రం చేసి
అంచు దించేసరికి
అతని కనుబొమ్మల మీదా గులాబీ పొట్టు.

మేపుల్ అయితే గోరు తగిలినా పలుకుతుంది.
ఇది మెల్లగా కొడితే విననట్టే ఊరుకుంది.
తీగలు బిగించా, వదిలా, మళ్లీ బిగించా.
విసిగి ఒక్క రిమ్‌షాట్—

ఎదురు షట్టర్ గలగలమంది.
ఇరానీ చాయ్ మీది మీగడ వణికింది.
దెబ్బ చెవికి కాదు,
పక్కటెముకలకు తెలిసింది.

ఆదివారం పాస్టరుగారు మైకు మూసి అంటారు:
"కాస్త మెల్లగా, ఇమ్మానుయేలూ."

దీనికి మెల్లగా రాదండీ.
ఇరవై ఏళ్లు
నాకు వచ్చింది అదొక్కటే.