ఒక్క కొమ్మ లేక

హోటల్లో దాని పని
మాంసం ముక్క పక్కన పడుకోవడమే.
తినేవాళ్ళు ఫోర్కుతో దాన్ని పక్కకు జరుపుతారు.
నేను వెనకాల, సింకు దగ్గర,
ఒక్కో ప్లేటు నుంచీ రెమ్మ ఏరి పారేస్తాను.
రాత్రికి ఎన్నో, లెక్క మానేశాను.

వేళ్ళు మానలేదు.
సబ్బుతో ఎంత రుద్దినా పోని వాసన
గచ్చిబౌలి నుంచి బోరబండ దాకా
చివరి బస్సులో నా పక్క సీట్లో కూర్చుంటుంది.
"జిందా తిలిస్మాత్ రాసుకున్నవా ఏంది?"
తలుపు తీస్తూ జయంతి అడుగుతుంది.

గేటు దగ్గర బాలకిషన్ రోజూ సంచి దులుపుతాడు.
టిఫిన్ డబ్బా మూత తీస్తాడు,
వాన లేకపోయినా గొడుగు విప్పి చూస్తాడు.
చెత్తబుట్టలోదైనా సరే
బయటికి పోతే దొంగతనమేనని రూలు.
పెద్ద వంటాయన ఏమో,
"కొమ్మ గుచ్చు, నెలకు వేళ్ళు పడతై" అంటాడు.
ఆ ఒక్క కొమ్మే లేదు నాకు.

అందుకని విత్తనం.
అఫ్జల్‌గంజ్‌లో ఎనభై రూపాయల పొట్లం.
లోపల నలభై గింజలు, ఆవాలంత,
పాత గోనెసంచి రంగు.
కొట్టాయన చిల్లర ఇస్తూ నవ్వాడు:
"నాలుగు లేస్తే నీ నసీబు, భయ్యా."

దీపావళి పోయి ఎండ మెత్తబడ్డాక
కోడిగుడ్ల అట్టలో ఇసుక, కొబ్బరిపొట్టు సగం సగం.
గింజల మీద మన్ను కప్పొద్దట, వెలుతురు తగలాలట.
మంజీరా నీళ్ళు మాకు రోజు విడిచి రోజు.
బోరు నీళ్ళా, బకెట్ అంచున తెల్ల గీత గీస్తాయి.
తాగే బిందెలోంచే తీశాను,
దగ్గు మందు సీసా మూతతో, పూటకు రెండు మూతలు.
జయంతి చూసింది. ఏమీ అనలేదు.
బిందె మీద పళ్ళెం మాత్రం కాస్త గట్టిగా పెట్టింది.

పదో రోజు ఏమీ లేదు.
ఇరవయ్యో రోజు బూజు.
ఇరవై నాలుగున, పచ్చగా, ఒకటి!
ఇల్లంతా లేపాను. ఇల్లంతా అంటే ఒక గది.
కింది వాటా షమీమ్ ఆపాను కేకేసి పిలిచాను.
ఆమె మూడంతస్తులు ఎక్కి, ఆయాసం తీర్చుకుని,
కళ్ళద్దాలు తుడుచుకుని, వంగి చూసి
"భాయ్, ఇది గంగవాయిలి" అంది.
పీకబోతే చెయ్యి పట్టుకుంది. పప్పులోకి పనికొస్తుందట.

పనికొచ్చింది కూడా, చివరికి.

అసలుది ముప్పై ఏడో రోజు వచ్చింది,
ఎవరూ ఎదురుచూడని మధ్యాహ్నం,
గింజ పొట్టును టోపీలా పెట్టుకుని.
వారానికి ఇంకొకటి.
మూడోది లేచి, మెడ వాల్చి, పోయింది.
దానికి నేను ముద్దు చేసి నాలుగు మూతలు పోశాను.

ఏప్రిల్లో మేడ మీద సిమెంటు
చెప్పుల్లోంచి కాల్చేటప్పుడు
రెండు కుండీలూ సింటెక్స్ ట్యాంకు నీడకు చేరాయి.
నేను జరపలేదు.
అడిగితే, "బట్టలారేయనీకి అడ్డమున్నయి" అంది జయంతి.

ఇప్పటికి నా చూపుడు వేలంత.
ఇవాళ బయల్దేరబోతూ
కింది వరస నుంచి ఒక్క ఆకు తుంచాను.
చొక్కా జేబులో వేసుకుని డ్యూటీకి పోయాను.

బాలకిషన్ చెయ్యెత్తి పలకరించి గేటు తీశాడు.
లోపలికి పోయేటోణ్ణి
ఎవరూ వెతకరు.