బట్ గది

ఆఖ్‌మిథీలో కొండ అంచున
రెండే గదుల ఇల్లు.
సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటుంది,
అలిగిన మనిషిలా.

మంగళవారం, శుక్రవారం
మిస్ జెస్సమిన్ కార్‌గిల్ ఎడమకాలి పుండుకు
కట్టు మార్చడం నా పని.
కుర్చీ, బొగ్గు పొయ్యి, పొగబెట్టిన హాడక్ చేపల వాసన,
పొయ్యి పక్కన ఎప్పుడూ మూసి ఉండే తలుపు.

"ఇది బట్" అంది ఒకరోజు, చేతికర్రతో నేలను కొట్టి.
"అది బెన్."
బట్ అంటే?
"బయటిది. వంటా, బురద బూట్లూ,
జీతానికొచ్చే వాళ్ళూ ఆగే చోటు."
అని నా వైపు చూసి నవ్వింది.

రాత్రి నిఘంటువు తెరిచాను.
నిజమే. వెయ్యేళ్ళ కింద ఆ చిన్నమాట
ఇంటి బయట నిలబడి ఉండేదట.
బయట అనీ, లేకుండా అనీ, తప్ప అనీ
తిరిగి తిరిగి, చలికి ఓర్వలేక కాబోలు
వాక్యంలో దూరి నడుమ కూర్చుంది.

డండీలో నాలుగు ఇంటర్వ్యూలు.
మీ అనుభవం గొప్పది, బట్.
మీ ఇంగ్లీషు బాగుంది, బట్.
ప్రతిసారీ నన్ను నిలబెట్టింది ఎక్కడో
ఇప్పుడు తెలిసింది: వంటగదిలో.
పొయ్యి దగ్గరే. మరీ అంత చలేం కాదు.

మన మాట పుట్టింది బయట కాదు,
కాకపోవడంలో.
ఏదో అవుతుందనుకున్నది కాలేదు,
ఆ కానిదే దీర్ఘం తీసి కానీ అయింది.
గుంటూరు పెద్దాసుపత్రిలో
సలోమి సిస్టర్ తాళాల గుత్తికి
ఓ చిల్లికానీ వేలాడేది.
ఏ కొట్లోనూ చెల్లదు, ఆమె వస్తోందని మాత్రం
వార్డంతటికీ చెప్పేది.
మొదటిసారి చీము చూసి నా చెయ్యి వణికితే
"కానీ, కానీ" అంది వెనకనుంచి.
అది అడ్డు కాదు, తోపు.

డిసెంబరుకి పుండు మానింది.
ఉల్లిపొరంత కొత్త చర్మం, గులాబీ రంగులో.
ఇక రానక్కర్లేదని చెప్పి సంతకం పెట్టించుకున్నాను.
ఆమె కర్ర ఊతతో లేచి గొళ్ళెం తీసింది.
"బెన్‌లోకి రా."

లోపల చలి. ఎవరూ పడుకోని మంచం,
కత్తుల్లాంటి దుప్పటి మడతలు.
గోడవారన మగమనిషి బూట్లు,
వాటిలో కుక్కిన వార్తాపత్రిక పచ్చబడి.
ఇల్లు వీపు పెట్టిందనుకున్నానా,
ఆ వీపుకో కిటికీ ఉంది. నిండా సముద్రం.

"పెళ్ళాడేదాన్ని, బట్."

తరువాయి కోసం ఆగాను.
లేదు. అదే చుక్క.
మనవాళ్ళూ అంతే కదా,
వద్దామనే అనుకున్నాను కానీ, అని
టీ గ్లాసులోకి చూస్తూ ఊరుకుంటారు.

ఏమనాలో తోచక "కానీ" అన్నాను తెలుగులో.
ఏ కానీయో నాకూ తెలియదు.
"ఏమన్నావ్?"
ఏం లేదు, బూట్లు తుడవనా?
తలూపింది.

కాగితం ఉండలు విప్పితే చేపల ధరలు,
ఎవరో పెన్సిలుతో కూడిన కూడిక, సగంలో వదిలేసి.
ఎడమ మడమ బాగా అరిగింది, కుడిది కాదు.
నాలుగూ పదికి ఆర్‌బ్రోత్ బస్సు.
వెళ్ళిపోయిన చప్పుడు
ఇద్దరమూ విన్నాం.