సొన

రెండు గీతలు పడినాయని
మార్చిలో వాళ్ళత్త వీధంతా చక్కెర పంచింది.
మునిచంద్రికకు అప్పటికి పదహారు నిండి
ఎన్నో దినాలు కాలేదు.

జూన్‌లో మా ఆసుపత్రికి వచ్చింది.
తోతాపురి దిగే కాలం.
గుడిపాల రోడ్డులో ట్రాక్టర్లు వరస కట్టి
పల్పు ఫ్యాక్టరీ గేటు ముందర రాత్రంతా నిద్రపోయే కాలం.
రక్తం తీశాను.
హిమోగ్లోబిన్ తొమ్మిది. షుగర్ లేదు.
ఆ పక్క గడిలో
నా చేత్తో నేనే రాశాను:
‘కిట్లు లేవు. మళ్ళీ రావలెను.’

పొయ్యే ముందర అరచేతులు చూపించింది.
రాగిపైసల మాదిరి మచ్చలు.
దురద లేదు, నొప్పి లేదు.
“సొన కాలిందక్కా” అనింది తనే.
నేనూ చూసి, సొనే అన్నాను.
పొద్దస్తమానం తొడిమలు తుంచే చేతులు గదా,
ఈ పక్క ఎవురి చేతికి లేదు సొన మచ్చ?
కొబ్బరినూనె రాయమన్నాను.
పదైదు దినాల్లో మచ్చలు పోయినాయంట,
నా మాటను నిజం చెయ్యడానికే పోయినట్టు.

మళ్ళీ రాలేదు.
సీజన్లో ఒక పూట మానితే పొయ్యేది కూలి కాదు,
మేస్త్రీ పుస్తకంలో పేరు.

నవంబరు. ముసురు.
చిత్తూరు పెద్దాసుపత్రిలో ఆడబిడ్డ.
ముక్కు దిబ్బడేసి పాలు పట్టడం లేదు.
ఎడమ చెయ్యి ఎత్తదు,
విరిగిందా అంటే విరగలేదు.
పాదాలు పొక్కి
పొరలు పొరలుగా ఊడొస్తున్నాయి.

వార్డులో ఆ పాదం పట్టుకోని చూశాను,
నా బొటనవేలంత పాదం.
ఏ తోటలోనూ అడుగు పెట్టింది కాదు,
ఏ కాయనూ తాకింది కాదు.
దీనికి యాడిది సొన?

అప్పుడు చేసినారు ఆ పరీక్ష.
మళ్ళీ రెండు గీతలు.
ఈ తూరి ఎవురూ చక్కెర పంచలేదు.

దీనికి సుఖరోగమని పేరు పెట్టినోడెవడో గానీ
ఈ పిల్లను అడిగి పెట్టుండడు.

వయసు రాసే గడి దగ్గర
డాక్టరమ్మ పెన్ను ఆగింది.
లేచి పోయి ఎవరికో ఫోన్ చేసొచ్చింది.
వాళ్ళత్త వరండాలో గోడకు చెబుతా ఉంది
“యాడ తగిలించుకోనొచ్చిందో” అని.
కొడుకు పక్క మాత్రం తల తిప్పలేదు.
దేశప్పన్, ఇరవై ఆరేళ్ళోడు,
సైకిల్ స్టాండు కాడ సెల్లు చూసుకుంటా నిలబడినాడు.
“నాకేం లేదు మేడం. ఎప్పుడో పోయింది.”

ఎప్పుడో పోయిందన్నాడు.
పోలేదు నాయనా,
ఇల్లు మారింది.

పెన్సిలిన్ కొత్త మందేం కాదు,
మా అవ్వ కాలం నాటిది.
జూన్‌లో అయితే
తల్లికి సరైన వేళకు సూది పడితే అయిపోయుండు.
ఇప్పుడు బిడ్డకు పది దినాలు, రెండు పూటలా,
దారం మాదిరి నరాలు వెతుక్కుంటా.
గుచ్చినప్పుడల్లా
ఏడ్చేది బిడ్డ,
కాళ్ళు ముడుచుకునేది చంద్రిక.

ఆరో దినం సాయంత్రం
మామూలుగా, కాఫీ చల్లారిందని చెప్పినట్టు అడిగింది:
“అక్కా, ఆ పొద్దు నువ్వు గూడా సొనే అన్న్యావు గదా?”
నిష్ఠూరం లేదు ఆ గొంతులో.
గ్యాపకం, అంతే.
నేను గ్లూకోజు బాటిల్లో
చుక్కలు లెక్కపెడతా కూచున్నాను.

పదో దినానికి
ఎడమ చెయ్యి గోరంత లేచింది.
లేచిందా, దుప్పటి కదిలిందా అని
ఇద్దరం చానాసేపు చూసినాము.

మళ్ళీ జూన్.
మళ్ళీ రోడ్డంతా మామిడి వాసన.
నిన్న కిట్లు వచ్చినాయి, ఇరవై ఐదు.
నా రిజిస్టరులో గర్భవతులు
నలభై ఒక్క మంది.